బొమ్మలో ఫజలు కాలు

ఆ కాలు ఎవరిదో ఆ హాలు మొత్తంలో ముత్యానికి ఒక్కడికే తెలుసు. చార్టు మీద రంగు పెన్సిళ్లతో గీసిన కాలు, పైనుంచి వేలాడుతున్న కాలు, బొటనవేలికి తెల్లగుడ్డ చుట్టిన కాలు. దాని కింద వెల్లకిలా పడుకున్న మనిషి మొహం, మొహం నిండా కళ్లు. బొమ్మ అడుగున గుండ్రటి అక్షరాలతో రాసి అంటించారు, ‘వామనావతారం – దీపిక’ అని. ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దమనిషి ఆ బొమ్మ దగ్గర ఆగి, చెప్పులు విప్పాలా వద్దా అన్నట్టు ఒక్క క్షణం తటపటాయించి, చేతులు జోడించాడు. హెడ్మాస్టర్ శ్యాంసుందర్ సారు మొహం వెలిగిపోయింది. “మాటలు రాని పిల్ల సార్. కథ ఒక్కసారే చెప్పినం. బలి చక్రవర్తి నెత్తి మీద స్వామి పాదం ఎట్ల మోపిండో చూడండి. ఆ బలి కండ్లల్ల భక్తి చూడండి.”

భక్తి కాదు సారూ, నిద్ర, అనుకున్నాడు ముత్యం గోడవారగా నిలబడి. పొద్దంతా ఎండలో షట్టరింగ్ పలకలు మోసి వచ్చినవాడి కళ్లు అవి. ఆ కళ్లు తనవి. ఆ పాదం, ఖతార్ లేబర్ క్యాంపులో తన పై మంచం మీద పడుకునే ఫజలుద్దీన్‌ది. రెండంతస్తుల ఇనుప మంచం, పైన ఫజలు, కింద తను. పలక జారిపడి ఫజలు బొటనవేలు చితికింది, గోరు మళ్లీ రాలేదు, చెప్పు ఒరుసుకోకుండా రోజూ తెల్లగుడ్డ పీలిక చుట్టుకునేవాడు. పడుకుంటే ఆ కాలు మంచం అంచు దాటి కిందికి వేలాడాల్సిందే. “తీయ్ భాయ్, నా మొకం మీద కాలేంది” అంటే, “గాలి గావాలె దానికి, పొద్దంత బూట్లల్ల ఉడికింది” అనేవాడు. ఇప్పుడా కాలుకు కరీంనగర్‌లో ఒక పెద్దమనిషి దండం పెట్టి పోతున్నాడు. నవ్వు రావాలి. వచ్చేదే. కానీ అంతలో జేబులో ఫోన్ మళ్లీ వణికింది, లింగమూర్తి.

నిర్మల్ ఏజెంటు లింగమూర్తి పొద్దున విమానం దిగినప్పటి నుంచి వదలడం లేదు. కొత్త కంపెనీ, అదే పని, చల్లటి గదులు. “పొద్దుగూకేలోపల మాట చెప్పు ముత్యం. లేకుంటే గా వీసా ఇంకోనికి పోతది. మల్ల నన్నంటే ఏం ఫాయిదా లేదు.” ముత్యం అవుననలేదు, కాదనలేదు. పాత కంపెనీ మూతపడింది, సామాను మొత్తం సర్దుకుని వచ్చేశాడు, ఇక పోనని భార్య అనసూర్యకు చెప్పాడు కూడా. కానీ లోపల ఒక షరతు పెట్టుకున్నాడు, ఎవరికీ చెప్పని షరతు. ఈ రోజు బిడ్డ దీపిక తన దగ్గరికి వస్తే ఉండిపోవడం. రాకపోతే పోవడం. పోతే ఫోన్లోనైనా బిడ్డ ఉంటుంది. ఉంటే ఇంట్లోనూ ఉండదు, ఫోన్లోనూ ఉండదు. ఇంతకంటే సూటి లెక్క ఇంకోటి లేదు. ఫోన్ వణికి వణికి ఊరుకుంది.

అనసూర్య పొద్దున్నే గట్టిగా చెప్పింది, “ఇంటికి రాకు. నువ్వు తలుపుల నిలవడ్తే పోయినసారి లెక్కనే అయితది. సీదా బడికి రా. ఇయ్యాల బొమ్మల పండుగ, పోరి మంచిగున్నది, మంది ఉంటరు. దూరం నుంచి చూడని.” బిడ్డ చదువు కోసం చొప్పదండి నుంచి వచ్చి ఈ ఊళ్లో గది తీసుకుని, ఈ బడి వంటింట్లోనే పని కుదుర్చుకున్న మనిషి ఆమె. ఆమె మాట కాదనే హక్కు తనకు లేదు. బస్టాండులో దిగేసరికి ఆటోతో ఫజలు సిద్ధంగా ఉన్నాడు. నాలుగు నెలల కింద వచ్చేసి ఆటో కొనుక్కున్నాడు, అప్పుడే పొట్ట వచ్చింది. సంచీ ఆటోలోనే ఉంది. ఫజలు గేటు బయట సీట్లో కాళ్లు చాపుకుని ఉంటాడు, రెండు కాళ్లూ, అందులో దేవుడైన కాలు కూడా. పిల్లలు వెనక గదిలో ఉన్నారు, అతిథులు పోయాక గంట కొడతారట, అప్పుడు తమ బొమ్మలు తాము చూసుకోవడానికి వస్తారట. ఆ గంట కోసమే ఈ నిలబడటం.

హాలు పొడుగునా చెక్క బల్లలు, బల్లల మీద బొమ్మలు. సీసా మూతల బతుకమ్మ. అరచేతుల అచ్చులతో నెమలి. ఒక బల్ల నిండా మామిడిపండ్లు, సీతాఫలాలు, రంగు ఇంకా జిగురుగా మెరుస్తోంది. దగ్గరికి పోతే తెలిసిన వాసన, ఉడికించిన చింతగింజల వాసన, రంపపు పొట్టు వాసన. బొమ్మల టీచర్ నాజ్నీన్‌ది నిర్మల్ అని అనసూర్య ఎప్పుడో చెప్పింది. చింతగింజల పిండి, పొట్టు కలిపి ముద్ద చేసి, పైన తెల్లగుడ్డ పీలికలు అతికి, ఆరాక రంగు వేయడం, అదంతా నిర్మల్ పద్ధతి. నిర్మల్... మొదటిసారి వీసా కోసం లింగమూర్తి దగ్గరికి పోయిన రోజు బిడ్డకు చిలుక కొన్నాడు, పచ్చ చిలుక, ఎర్ర ముక్కు. ఇంటికి తెచ్చేసరికి రాత్రయింది, పడుకున్న పిల్ల పక్కన పెట్టాడు, తెల్లారి చూస్తే ముక్కు లేదు. నాకి నాకి రంగంతా తినేసింది, నాలుక ఎర్రగా పండింది. అనసూర్య తిట్టిన తిట్టు తిట్టకుండా, “గా బొమ్మ కొనకపోతే ఏం పోయింది, ఎర్ర ముక్కుది ఎందుకు కొన్నవ్, మొత్తం పచ్చది కొనరాదు” అని. ఆ ముక్కు లేని చిలుకను పట్టుకునే పిల్ల చాలా రోజులు పడుకునేది. అప్పుడామెకు మాటలు ఆలస్యంగా వస్తాయేమో అనుకున్నారు. వస్తాయి, వస్తాయి అని అందరూ అన్నారు.

పక్క బల్ల మీద మట్టి కోడెలు వరసగా నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని మెడలో దారం. వేములవాడ. ఏ కాలాన ఎవరు చేసినా మెడలో దారమున్న మట్టి కోడె అంటే వేములవాడే. కోడె మొక్కు చెల్లించడానికి పోయినప్పుడు పిల్ల భుజాల మీద ఉంది. గుడి దగ్గర జనం, డప్పులు, మైకు. చప్పుడంటే పడదు ఆమెకు, రెండు చెవులూ మూసుకుని ఒకటే ఏడుపు. ఇక లాభం లేదు, తిరిగి పోదామనుకుంటుంటే కోడె తాడు ఆమె చేతికి అందింది. అంతే. ఏడుపు ఆగింది. గుడి చుట్టూ కోడెను తిప్పినంతసేపూ తాడు వదల్లేదు, కోడె పోయిన దిక్కు చూస్తూ కాళ్లు ఆడిస్తూ కూర్చుంది. చిన్న మడమలు అతని ఛాతీ మీద టప్ టప్ కొట్టాయి. మొక్కు అయిపోయాక కోడె మనిషి తాడు అడిగితే ఇవ్వలేదు. “నీ బిడ్డ నా కోడెను తోలుకపోయేటట్టున్నది గదనే” అని వాడు ఒకటే నవ్వు. ఆ టప్ టప్ ఎన్నాళ్లు ఉందో ఛాతీలో. క్యాంపు మంచం మీద పడుకుని, ఏసీ రొదలో కళ్లు మూసుకుంటే, అక్కడే తగిలేది. ఫోన్ కూడా అక్కడే పెట్టుకునేవాడు, ఛాతీ మీద, నిలబెట్టి. దిండు మడిచి తల కింద పెట్టుకుంటే చేతులకు పని లేకుండా బిడ్డ కనబడేది. బిడ్డ కూడా అంతే, ఫోన్ నేల మీద పెట్టి పైనుంచి వంగేది, జడలు రెండూ ముందుకు పడి, అతని తెర నిండా ఆమె మొహం, ఆకాశం కిందికి దిగినట్టు.

ఎంత మంచి వేళలు అవి. తప్పుగానైనా అలాగే అనిపించింది ముత్యానికి. అక్కడ ఉన్నన్నాళ్లూ ఊరి మీద బెంగ, ఇక్కడ నిలబడితే ఆ ఇనుప మంచం మీద బెంగ. దుప్పటి పరదా కట్టుకున్న ఆ ఆరడుగుల చోటులోనే కదా తను తండ్రిగా ఉన్నది. శుక్రవారం పూట కూర గిన్నె, రొట్టెలు, గదిలో ఎవరి ఫోన్‌లో ఎవరి పిల్లలు ఏడుస్తున్నారో అందరికీ తెలిసేది. ఫజలు కూతురు యుమ్నా పరీక్షలో పాసైతే గదంతా చాయ్ తాగింది. దీపిక ఫోన్లోకి రాగానే పై మంచం మీద నుంచి ఫజలు కేక, “దీపమ్మకు సలాం చెప్పురా కాలూ!” తెల్లగుడ్డ వేలు పైకీ కిందికీ ఊగేది. అటు బిడ్డ ఒకటే నవ్వు. మాట లేని పిల్ల, నవ్వితే మాత్రం గలగలా నవ్వుతుంది. చివరికి కాల్ ఆపే ఎర్ర చుక్క నొక్కడం ఆమె వంతు. ఇంకెవరు నొక్కినా ఊరుకోదు. నొక్కగానే బాపు పోతాడు. ఫోన్ తిప్పి వెనక చూస్తుందట, అక్కడా ఉండడు, రెండు చేతులూ ఖాళీగా చాపి చూపిస్తుందట. “బాపు పోయిండు అని చెప్తుంది” అనేది అనసూర్య. ఆ మాట విన్నప్పుడల్లా ముత్యానికి నవ్వూ వచ్చేది, ఇంకోటీ వచ్చేది.

పోయినసారి సెలవులో వచ్చినప్పుడు తలుపులో నిలబడి “దీపమ్మా” అన్నాడు. పిల్ల అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. బియ్యం డ్రమ్ము వెనక దూరి, చెయ్యి పట్టుకోబోతే కొరికింది. సెలవు మొత్తం అంతే. అతను ఇంట్లో ఉంటే ఆమె డ్రమ్ము వెనక. అన్నిటికంటే తట్టుకోలేనిది ఒకటి, సాయంత్రం కాగానే ఆమె ఫోన్ తెచ్చుకుని నేల మీద పెట్టుకుని దాని మీదికి వంగి కూర్చునేది. బాపు ఫోన్ చేస్తాడని. బాపు నాలుగడుగుల దూరంలో గడప మీద కూర్చుని చూస్తున్నాడు. ఒకరోజు ఉండబట్టలేక లేచి, ఇంటి వెనక పెరట్లోకి పోయి అక్కడి నుంచి వీడియో కాల్ చేశాడు. ఆమె ఎత్తింది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆపి, ఫోన్‌ను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది, పైకెత్తి తెర పైభాగాన వేలితో గోకింది, ఏదో లేదు, ఏదో పోయింది. ఎర్ర చుక్క నొక్కేసింది. ఏం లేదు? ఏం పోయింది? విమానంలో పోతూ అదే ఆలోచన, మంచం మీద పడుకున్నా అదే. ఫజలు తిరిగి వచ్చేశాక ఈ నాలుగు నెలలూ మళ్లీ అదే గోకుడు, రోజురోజుకు చుక్క తొందరగా నొక్కడం. బిడ్డ తనను మరిచిపోతోందని అనుకున్నాడు. లింగమూర్తి ఫోన్ ఎత్తడానికి అసలు కారణం అదే.

ఇప్పుడు జవాబు గోడ మీద ఉంది, దాని కింద వామనావతారం అని రాసి ఉంది.

ముత్యం బొమ్మ దగ్గరికి నడిచాడు. మొహం పైన అడ్డంగా చెక్క రంగు గీతలు, పై మంచం పలక. పక్కన నిలువు గీతలు, మంచం కడ్డీలు. మూలన ఒక నీలం చార, ఫజలు ఆరేసుకున్న లుంగీ. ఇన్నాళ్లూ బిడ్డ తనను చూసి నవ్వుతుందని అనుకున్నాడు. తనను ఒక్కడినే కాదు, ఆమె మొత్తం చూసింది. పైన పలక, మీద కాలు, కింద బాపు. అన్నీ ఉంటేనే అది బాపు. కాలు లేకుండా, పలక లేకుండా, తలుపులో నిలువునా నిలబడ్డ పొడుగు మనిషి ఎవరో ఆమెకేం తెలుసు? నిలబడ్డ బాపును ఆమె ఎప్పుడు చూసింది గనక? గంట ఎప్పుడు కొడతారు? అతిథులు మెట్లు దిగుతున్నారు. శ్యాంసుందర్ సారు కారు దాకా పోతున్నాడు.

“చూసినవా?” వెనక నుంచి అనసూర్య, చేతికి తడి, కొంగుతో తుడుచుకుంటోంది. “పొద్దుగాల్నే చూసిన. సారు గంత సంబురపడ్తుంటే నేనేం చెప్పాలె? ఫజలన్న కాలు అని చెప్పాల్నా?”

“ఫజలును పిలువు.”

“ఎందుకు?”

“పిలువు అనసూర్యా, టైం లేదు. ఉరుకు.”

ఆమె అతని మొహం చూసి ఉరికింది. గంట మోగింది. ముత్యం ఆ బొమ్మ ఎదురుగా ఉన్న బల్ల చూశాడు, అది మామిడిపండ్ల బల్ల. కింద ఖాళీ. నాజ్నీన్ టీచర్ చూస్తుండగానే నేల మీద కూర్చుని, వెల్లకిలా పడుకుని, బల్ల కిందికి జరిగాడు. చొక్కా ఇస్త్రీ పోయింది. తల కింద ఏమీ లేదు, చెయ్యి మడిచి పెట్టుకున్నాడు. పైన చెక్క పలక. మేకుల మొనలు, సుద్దముక్కతో ఎవరో రాసిన గీత. ఒక్కసారిగా ఎంత హాయి. బల్ల కాళ్లు రెండు పక్కలా కడ్డీల్లా నిలబడ్డాయి. ఇక్కడ ఏసీ రొద ఒక్కటే తక్కువ.

“అన్నా, ఏమైంది? కండ్లు తిరిగినయా?” నాజ్నీన్ వంగింది.

“లేదు మేడం. దీపిక బాపును. బిడ్డ కోసం...” ఎలా చెప్పాలి? వేలు చాపి గోడ మీది బొమ్మ చూపించాడు. ఆమె బొమ్మ చూసింది, అతన్ని చూసింది, పైనున్న పలక చూసింది. టీచర్లు చాలామందిని చూశాడు గాని ఇంత తొందరగా అర్థం చేసుకున్న మనిషిని చూడలేదు. “యా అల్లా” అంది. “మరి కాలు?”

కాలు పరుగెత్తుకుంటూ వచ్చింది. ఫజలు రొప్పుతూ బల్ల ముందు ఆగాడు. “క్యా రే ముత్యం, గిదేం పండుడు? ఖతార్ యాదికొచ్చిందా?”

“పైకెక్కి కూసో ఫజలు భాయ్. కాలు కిందికియ్యి.”

“మామిడిపండ్లున్నయ్ గదా.”

“జర పక్కకు జరుపు. నీ కాలుకు దండం పెడ్త, ఎక్కు.”

“ఇంతకుముందే ఒకాయన పెట్టిండట గదా, అనసూర్యమ్మ చెప్పింది. తౌబా తౌబా!” ఫజలు బూటు విప్పాడు, సాక్సు లాగాడు, పండ్లు జరిపి బల్ల అంచు మీద కూర్చున్నాడు. బల్ల కిర్రుమంది, అచ్చం ఆ మంచం కిర్రుమన్నట్టే. కాలు దిగింది. గోరు లేని వేలు, మడమ మీద పగుళ్లు. ఏదో లోటు. ముత్యానికి తోచేలోపే నాజ్నీన్ పండ్ల పక్కనున్న తెల్లగుడ్డ పీలిక తీసి ఫజలు చేతికిచ్చింది. వాడు అలవాటైన చేత్తో వేలికి చుట్టి, కొస లోపలికి దోపాడు.

పిల్లలు వస్తున్నారు. ముడులు వేసిన పొడుగు తాడు పట్టుకుని వరసగా వస్తున్నారు, ఒక్కో ముడి ఒక్కొక్కరిది. బల్ల కింద నుంచి ముత్యానికి పాదాలే కనబడుతున్నాయి. తెల్ల సాక్సులు, ఒక చక్రాల కుర్చీ, ఊడిన లేసు. వీటిలో తన బిడ్డవి ఏవి? ఆ మడమలు ఎంత పెరిగి ఉంటాయి? తలుపు దగ్గర శ్యాంసుందర్ సారు గొంతు, “ఏయ్ ఏయ్, ఎవరయ్యా, ఎగ్జిబిషన్ టేబుల్ మీద కూసున్నవేంది?” నాజ్నీన్ గొంతు, “సార్, జర చప్పుడు చేయకుండ్రి. మీ వామనుడే.” చొక్కా జేబులో ఫోన్ వణికింది. లింగమూర్తి. మాట్లాడాలంటే బయటికి రావాలి. కదిలితే బొమ్మ చెదురుతుంది. ఫోన్ జేబులో నుంచి పైకి లాగి ఛాతీ మీదే ఉంచాడు. తెర వెలుగు గడ్డానికి తగులుతోంది.

పైనుంచి ఫజలు కేక, అదే గొంతు, అదే పాట వరస, “దీపమ్మకు సలాం చెప్పురా కాలూ!” తెల్లగుడ్డ వేలు పైకీ కిందికీ ఊగింది.

తాడు ఆగింది. వెనకవాళ్లు ముందువాళ్లకు తగిలారు. రెండు పాదాలు వరసలోంచి బయటికి తిరిగాయి. తాడు ముడి ఒకటి ఖాళీగా ఊగింది. ముత్యం పిలవలేదు. పిలిచి ఒకసారి పోగొట్టుకున్నాడు. కళ్లు మాత్రం తెరిచి ఉంచాడు, బొమ్మలో లాగా, మొహం నిండా. పాదాలు దగ్గరికి వచ్చాయి. ఆగాయి. ఒక చెయ్యి కిందికి దిగి ఫజలు వేలిని పట్టుకుని లాగింది, గుడ్డను తడిమింది, నిజమేనా అన్నట్టు. తర్వాత మోకాళ్లు. తర్వాత అనసూర్య పొద్దున్నే అల్లిన రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు, బల్ల కిందికి పాక్కుంటూ.

మొహం పైనుంచి వంగింది. ఎప్పటిలాగే, ఆకాశం కిందికి దిగినట్టు. అయితే ఈసారి జడలు ఆగలేదు, తెర దగ్గర ఆగిపోలేదు, అతని మొహం మీద పడ్డాయి. కొబ్బరినూనె వాసన. రిబ్బను కొస ముక్కుకు గుచ్చుకుంది. దీపిక నవ్వలేదు, అరవలేదు. చూస్తోంది. పలక చూసింది, కాలు చూసింది, అతన్ని చూసింది. అతని ఛాతీ మీద వెలుగుతూ వణుకుతున్న ఫోన్ చూసింది. అందులో ఎర్ర చుక్క ఉంది. ఆ చుక్క నొక్కడం ఆమె వంతు.

వద్దు తల్లీ, అనుకున్నాడు ముత్యం.

ఆమె నొక్కింది. లింగమూర్తి పోయాడు. తెర నల్లబడింది. దీపిక రెండు చేతులూ ఖాళీగా చాపింది, బాపు పోయిండు అని చెప్పడానికి. చాపిన చేతులు అలాగే ఆగాయి. బాపు ఉన్నాడు. ఆమె అతని తల కింద చెయ్యి పెట్టి వెనకవైపు వెతికింది. చెవి పట్టి అటు తిప్పింది, ఇటు తిప్పింది. నల్లటి తెర మీద చుక్క ఉండే చోట మళ్లీ నొక్కి చూసింది. ఉన్నాడు. ఇంకోసారి నొక్కింది. అతని ఛాతీ మీద ఆ వేలి దెబ్బ టప్ మని తగిలింది. బాపు అక్కడే ఉన్నాడు.

గలగలా నవ్వింది దీపిక.